పిల్ల కూడా చూసే పెళ్లిచూపులు

‘మిస్సమ్మ’ నుంచి ‘లిటిల్ హార్ట్స్’ దాకా తెలుగు ప్రేమ కామెడీల్లో అమ్మాయి మాట ఎలా పెరిగింది? మన యాస హీరోయిన్ నోటికి ఎప్పుడొచ్చింది? ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ సినిమాలేవి?

నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆదివారం సాయంత్రం హైదరాబాద్ బస్సులో సీటు దొరకడం కష్టమే. సెలవుకు ఊరొచ్చిన పిల్లలంతా బ్యాగులు భుజాన వేసుకుని ఒక్కసారే రోడ్డు మీదికొస్తారు. నల్లగొండ నుంచి వచ్చే బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు పడతాయి. ఎలాగో కిటికీ పక్క సీటు సంపాదించిన డిగ్రీ అమ్మాయి ఫోన్ తీసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘పెళ్ళి చూపులు’ సినిమా మొదలుపెడుతుంది. చిట్యాల దాటేసరికి నవ్వు ఆపుకోలేకపోతుంది. ఒళ్లో మూట పెట్టుకుని పక్కన కూర్చున్న పెద్దావిడ కాసేపు ఓపిక పట్టి, ఇక ఉండలేక అడుగుతుంది.

“ఏందే బిడ్డా, గంత నవ్వుతున్నవ్?”

“సినిమా అవ్వా. పిలగాడు పిల్లను సూడనీకొచ్చిండు. తలుపు పడ్డది. ఇద్దరు అర్రల ఇరుక్కున్నరు.”

“ఇరుక్కుంటే?”

“మాట్లాడుకుంటున్నరు.”

పెద్దావిడ తెర వంక వంగి చూస్తుంది. “మా కాలంల పిల్లను సూసుడే గని, పిల్ల సూసుడు యాడిది? నేను తలకాయ ఎత్తింది తలంబ్రాలప్పుడే” అంటుంది. ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి ఆమె చెవికి చేరుతుంది. చౌటుప్పల్ వచ్చేసరికి ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు.

హైవే బస్సుల్లో ఇలాంటి దృశ్యాలు కొత్తేం కాదు. పాత ప్రేమకథలు మళ్లీ థియేటర్లకు రావడమూ కొత్త కాదు. 1998 నాటి ‘తొలిప్రేమ’, 2002 నాటి ‘మన్మథుడు’ రెండూ 2023లో మళ్లీ థియేటర్లకొచ్చి, అవి విడుదలైనప్పుడు పుట్టని పిల్లలతోనూ ఈలలు వేయించుకున్నాయి. 2025 సెప్టెంబరు 5న పెద్ద పేర్లేవీ లేకుండా వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’ కాలేజీ పిల్లలను గుంపులు గుంపులుగా రప్పించింది. కత్తులు, నెత్తురు, వందల కోట్ల లెక్కల మధ్య నవ్వించే ప్రేమకథ కోసం జనం వెతుక్కుంటున్నారు. అయితే ఏవి చూడాలి? తెలుగులో ఈ కోవలో వచ్చిన మంచి సినిమాలను వరసగా పేర్చి చూస్తే పెద్దావిడ అన్న మాటే దారి చూపిస్తుంది. చూపుల్లో కూర్చోబెట్టిన అమ్మాయి ఎప్పుడు తలెత్తింది, ఏం అడిగింది, ఏ యాసలో అడిగింది అన్నదే ఈ సినిమాల అసలు కథ.

పెళ్లి చుట్టూనే నవ్వంతా

హాలీవుడ్ ప్రేమ కామెడీల్లో అబ్బాయికీ అమ్మాయికీ మధ్య అడ్డు సాధారణంగా వాళ్ల స్వభావాలే. ఒకరంటే ఒకరికి పడదు, గొడవపడుతూనే దగ్గరవుతారు. తెలుగు సినిమాలో అడ్డు బయట నుంచి వస్తుంది. కట్నం, కులం, మతం, ఉద్యోగం, మామగారి పిసినారితనం, అత్తగారి నోరు.. ఇన్నింటిని దాటితే గానీ ఇద్దరూ ఒక్కటవరు. అందుకే మన దగ్గర ప్రేమ కామెడీ అంటే చాలావరకు పెళ్లి కామెడీయే.

ఈ దారి వేసింది విజయా సంస్థ. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా ఎల్వీ ప్రసాద్ దర్శకత్వంలో 1952లో వచ్చిన ‘పెళ్లి చేసి చూడు’ కట్నం మీద తీసిన సినిమా. పీటల మీద కట్నం లెక్క తేలలేదని పెళ్లికొడుకు తండ్రి అలిగి కొడుకును లేవదీసుకుపోతాడు. అక్కడి నుంచి కథ కన్నీళ్లలోకి వెళ్లాలి. కానీ చక్రపాణి దాన్ని నవ్వుల్లోకి మళ్లించారు. దేశంలో వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అంతకు తొమ్మిదేళ్ల ముందే జనం డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని, కట్నం అడిగే పెద్దమనిషిని చూసి నవ్వారన్న మాట.

మూడేళ్లకు, 1955 సంక్రాంతి రోజుల్లో ‘మిస్సమ్మ’ వచ్చింది. అప్పాపురం జమీందారు బడికి పంతుళ్లుగా బీఏ చదివిన భార్యాభర్తలే కావాలి. మేరీకి అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి. ఎంటీ రావుకు కడుపు నింపుకోవడానికి కావాలి. ఇద్దరూ మొగుడూ పెళ్లాల్లా నటిస్తూ ఆ ఊళ్లో దిగుతారు. సావిత్రి మేరీని చూడండి. చిరాకు పడుతుంది, విసుక్కుంటుంది, అడుగడుగునా షరతులు పెడుతుంది. తాను ఎందుకు ఒప్పుకుందో, ఎంతవరకు ఒప్పుకుందో ఒక్క క్షణమూ మరిచిపోదు. నిరుద్యోగం మీద ఇంత హాయిగా నవ్వించిన సినిమా ఆ కాలంలో మరొకటి కనిపించదు. ఆ పాత్రను మొదట భానుమతి చేయాలి. కొంత చిత్రీకరణ కూడా అయ్యాక అది సావిత్రికి వచ్చింది. రెండో కథానాయికగా అనుకున్న అమ్మాయి ఆ సినిమాతో ముందు వరసలోకి చేరింది.

ఇల్లరికపు అల్లుళ్ల తంటాలు, సవతితల్లి సాధింపులు కలిపి నవ్వించిన ‘గుండమ్మ కథ’ 1962 జూన్ 7న విడుదలైంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నా టైటిల్ మాత్రం సూర్యకాంతం పాత్రది. ఆ రోజుల్లో ఇద్దరు అగ్రహీరోల సినిమాకు గయ్యాళి పాత్ర పేరు పెట్టిన ధైర్యం చక్రపాణిదే. ఇప్పటికీ ఊళ్లలో నోరు పెద్దదైన మనిషిని ‘గుండమ్మ’ అంటారు.

■ మాయాబజార్ పాటే టైటిల్

*1957 నాటి ‘మాయాబజార్’ పాటలు, మాటల నుంచి జంధ్యాల ఏకంగా నాలుగు సినిమాలకు పేర్లు తీసుకున్నారు: ‘అహ నా పెళ్లంట’ (1987), ‘వివాహ భోజనంబు’ (1988), ‘చూపులు కలసిన శుభవేళ’ (1988), ‘హై హై నాయకా’ (1989). నాలుగూ హాస్య చిత్రాలే. మొదటి మూడు పేర్లలో పెళ్లి వాసన ఉండనే ఉంది.*

పిసినారి మామ, అడ్రసు లేని ప్రేమలేఖ

డెబ్బైలలో ప్రేమకథకు డ్యూయెట్లు మిగిలాయి గానీ నవ్వు సహాయ పాత్రలకు పోయింది. హీరో ప్రేమిస్తాడు, కమెడియన్ నవ్విస్తాడు. ఇద్దరి పనీ వేర్వేరు ట్రాకుల్లో నడిచేది. ఆ గోడను పడగొట్టినవాళ్లలో జంధ్యాల ముందుంటారు.

1984లో ఉషాకిరణ్ మూవీస్ సంస్థకు ఆయన తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’కు ఆధారం పొత్తూరి విజయలక్ష్మి రాసిన ‘ప్రేమలేఖ’ నవల. అది ‘చతుర’ మాసపత్రికలో అచ్చయింది. ఒక అమ్మాయి సరదాకు, ఎవరో తెలియని ఊహల మొగుడికి ఉత్తరం రాస్తుంది. అది పోస్టులో పడి నిజంగానే ఒక అబ్బాయి చేతికి అందుతుంది. రాసిందెవరో తెలియక నరేశ్ వెతుకులాట మొదలవుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ కథ అమ్మాయి కలంతో మొదలైంది. మొదటి మాట ఆమెదే. రాసిన రచయిత్రీ స్త్రీయే. ఆ ఉత్తరంలోని చిలిపితనం, ధీమా ఆ రోజుల హీరోయిన్లకు అంత తేలిగ్గా దొరికేవి కావు. ఇంటిపెద్దగా సుత్తి వీరభద్రరావు చెలాయించే అధికారం, కనిపించినవాళ్లకల్లా సినిమా కథలు టైటిల్స్‌తో సహా చెప్పి హడలగొట్టే శ్రీలక్ష్మి.. ఇద్దరినీ నలభై ఏళ్ల తర్వాత కూడా జనం అనుకరిస్తూనే ఉన్నారు.

మూడేళ్లకు డి.రామానాయుడు నిర్మించిన ‘అహ నా పెళ్లంట’ వచ్చింది. కోట శ్రీనివాసరావు పోషించిన లక్ష్మీపతి పరమ పిసినారి. చూరుకు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ కూర తింటున్నట్టు ఊహించుకుని అన్నం తినే దృశ్యం తెలుగువాళ్లకు కంఠతా వచ్చు. ఆ ఇంటి పిల్లను ప్రేమించిన రాజేంద్రప్రసాద్ అంతకంటే పెద్ద పిసినారిలా నటించాలి. అరగుండు పాత్రతో బ్రహ్మానందం దశ తిరిగింది ఈ సినిమాతోనే. పెళ్లికి డబ్బే కొలబద్ద అయినప్పుడు మనుషులు ఎంత హాస్యాస్పదంగా మారతారో ఇంతకంటే సూటిగా చూపిన సినిమా అరుదు.

1991 ఏప్రిల్‌లో బాపు రమణల ‘పెళ్లి పుస్తకం’ విడుదలైంది. రావి కొండలరావు అల్లిన కథ ‘మిస్సమ్మ’ను తిరగేస్తుంది. అక్కడ పెళ్లికాని ఇద్దరు ఉద్యోగం కోసం పెళ్లయినట్టు నటించారు. ఇక్కడ పెళ్లయిన ఇద్దరు ఉద్యోగం కోసం కానట్టు నటిస్తారు. ఒకే ఆఫీసులో పని, ఎదురుపడితే పరాయివాళ్లు, చాటుగా కొత్త దంపతులు. ఆడమనిషి ఉద్యోగం ఇంటికి ఎంత అవసరమో, ఆ అవసరం ఆమెను ఎన్ని మాటలు మింగేలా చేస్తుందో దివ్యవాణి సత్యభామ ముఖంలో కనిపిస్తుంది. ‘మిస్సమ్మ’ చూసిన మర్నాడే ‘పెళ్లి పుస్తకం’ చూస్తే మధ్యలో గడిచిన 36 ఏళ్లలో తెలుగిల్లు ఎంత మారిందో, ఏది మారలేదో కళ్లకు కడుతుంది.

పెళ్లిపీటల మీద నుంచి లేచిన రూప

2004 అక్టోబరు 15న రెండు సినిమాలు ఒకేరోజు విడుదలయ్యాయి. ఒకటి చిరంజీవి ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’. రెండోది శేఖర్ కమ్ముల ‘ఆనంద్’. పెద్ద హీరో పోస్టర్ల పక్కన ‘మంచి కాఫీ లాంటి సినిమా’ అన్న చిన్న ట్యాగ్‌లైన్‌తో దిగిన రెండో సినిమా నిలబడింది.

అందులో రూప అనాథ. పెళ్లి నిశ్చయమైంది, బంధువులు వచ్చేశారు. చనిపోయిన తల్లి చీర కట్టుకోవాలన్నది రూప కోరిక. కాబోయే అత్తగారు కాదంటుంది. మాట మాట పెరుగుతుంది. పెళ్లికొడుకు పక్కన నిలబడి నోరు మెదపడు. రూప పెళ్లి వద్దంటుంది. చీర కోసం పెళ్లి మానుకున్నదని లోకం అనుకుంటుంది. ఆమె మానుకున్నది తన పక్షాన ఒక్క మాటైనా అనని మనిషిని. ఈ సన్నివేశం చూసి ఇంట్లో ఎవరెవరు ఏ పక్షం వహిస్తారో గమనిస్తే ఆ ఇంటి సంగతి అర్థమైపోతుంది. రెండేళ్లకు అదే దర్శకుడు తీసిన ‘గోదావరి’లోనూ సీత తన కాళ్ల మీద నిలబడాలనుకునే పిల్లే. భద్రాచలం వెళ్లే లాంచీలో కథంతా నెమ్మదిగా, నీటి వాలులా సాగుతుంది.

2008లో మోహనకృష్ణ ఇంద్రగంటి తీసిన ‘అష్టా చమ్మా’ మరో మేలిమలుపు. ఆస్కార్ వైల్డ్ 1895 నాటి నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ను ఆయన గోదావరి ఊళ్లోకి తెచ్చి, దానికి మహేశ్‌బాబు అభిమానాన్ని జోడించారు. స్వాతి పోషించిన లావణ్య మహేశ్ అన్న పేరున్నవాణ్నే చేసుకుంటానని పట్టుబడుతుంది. నాని, అవసరాల శ్రీనివాస్ ఇద్దరికీ అదే తొలి సినిమా. తర్వాత అవసరాల స్వయంగా దర్శకుడై 2014లో ‘ఊహలు గుసగుసలాడే’ తీశారు. ఫ్రెంచి నాటకం ‘సిరానో డి బెర్జెరాక్’ ఛాయలున్న ఆ సినిమాతోనే రాశీ ఖన్నా కథానాయికగా తెలుగుకు పరిచయమైంది.

ఈ మధ్యలో 2011 జనవరిలో నందినీరెడ్డి ‘అలా మొదలైంది’ వచ్చింది. మహిళా దర్శకుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ ఉన్న పరిశ్రమలో తొలి సినిమాకే ఆమె ప్రేమ కామెడీని ఎంచుకుని గెలిచారు. నిత్యామేనన్ పాత్ర హీరోతో సమానంగా వాదిస్తుంది, సమానంగా పొరపాట్లు చేస్తుంది. అమ్మాయి ఎప్పుడూ ఒప్పే చేయాలన్న బరువు ఆ సినిమాలో లేదు.

■ బస్సులో పుట్టిన ప్రేమ

*ప్రపంచ సినిమాలో ప్రేమ కామెడీకి ఒరవడి దిద్దిన చిత్రాల్లో ఒకటి ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ (1934). ఇంట్లోంచి పారిపోయిన ధనవంతుల పిల్ల, ఉద్యోగం పోయిన విలేకరి రాత్రి బస్సులో కలుస్తారు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే.. ఐదు ప్రధాన ఆస్కార్లనూ గెలిచిన తొలి సినిమా ఇదే. హిందీలో ‘చోరీ చోరీ’ (1956), ‘దిల్ హై కే మాన్‌తా నహీ’ (1991) దీని నీడలో వచ్చినవే.*

యాస మారిన రోజు

నల్లగొండ, పాలమూరు మెట్ట ఊళ్లలో సినిమా పిచ్చికి ఏనాడూ తక్కువ లేదు. కానీ చాలా ఏళ్లపాటు ఇక్కడి ప్రేక్షకుడు తెర మీద తన మాట వినాలంటే విలన్ కోసమో, తాగుబోతు కోసమో, పనివాడి కోసమో ఎదురుచూడాల్సి వచ్చింది. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడే దుర్మార్గపు రాజకీయ నాయకుడిగా చేసి గొప్ప పేరు తెచ్చుకున్నారు. నటన గొప్పదే. అయితే ఆ తర్వాత ఆ యాస అలాంటి పాత్రలకే ముద్రపడిపోయింది. ప్రేమించే హీరో, ప్రేమను పొందే హీరోయిన్ మాత్రం పుస్తకాల తెలుగో, కోస్తా తెలుగో మాట్లాడేవారు.

1992లో ‘మొండి మొగుడు పెంకి పెళ్లాం’లో విజయశాంతి తెలంగాణ యాసలో దంచి కొట్టింది. సుమన్‌తో ఆమె పోట్లాటలు జనాన్ని బాగా నవ్వించాయి. అగ్రతార నోట ఆ మాట రావడం అప్పట్లో పెద్ద విశేషం. కానీ దారి పడలేదు. మరో పాతికేళ్లు ఆగాల్సి వచ్చింది.

2017 జులై 21న శేఖర్ కమ్ముల ‘ఫిదా’ విడుదలైంది. బాన్సువాడ పిల్ల భానుమతిగా సాయిపల్లవి తెలుగు సినిమాలో తొలిసారి కనిపించింది. డబ్బింగ్ కూడా తనే చెప్పుకుంది. ‘ఆనంద్’లో రూపకు గాయని సునీత గొంతు ఇచ్చారు, హీరోయిన్‌కు మరొకరు మాట అప్పివ్వడం మన పరిశ్రమలో మామూలే. కోయంబత్తూరులో పెరిగిన సాయిపల్లవి తెలంగాణ యాస నేర్చుకుని, ఎగతాళికి కాకుండా ఇంటిమాటలా పలికింది. ఆ సినిమాలోనూ కథ పెళ్లిచూపులతోనే మొదలవుతుంది. అమెరికా నుంచి వచ్చినవాళ్లు అక్కను చూడటానికి వస్తే చెల్లెలు ఇల్లంతా తానై తిరుగుతుంది. పెళ్లయ్యాక అమ్మాయే ఎందుకు ఇల్లు వదిలి పోవాలన్నది భానుమతి ప్రశ్న. నాయిన ఒంటరివాడైతే ఎవరు చూస్తారని బెంగ. ఈ ప్రశ్న తెలంగాణ ఇళ్లలో ప్రతి అప్పగింతల వేళా ఎవరో ఒకరి మనసులో మెదిలేదే. దాన్ని హీరోయిన్ పైకి అనేసరికి థియేటర్లు హోరెత్తాయి.

ఆ సినిమాలో ఊరంతా ఊగిన ‘వచ్చిండే’ పాట రాసింది సుద్దాల అశోక్‌తేజ. ఆయన సొంతూరు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సుద్దాల. తండ్రి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాటంలో పాటనే ఆయుధం చేసుకున్న కవి. పోరు పాటలు పుట్టిన ఇంటి నుంచే పెళ్లింటి చిందు కూడా వచ్చిందని ఈ జిల్లావాళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు.

‘ఫిదా’కు ఏడాది ముందు, 2016 జులై 29న తరుణ్ భాస్కర్ ‘పెళ్ళి చూపులు’ వచ్చింది. ప్రశాంత్ కుటుంబం అడ్రసు పొరబడి వేరే ఇంటికి చూపులకు వెళుతుంది. అతనూ చిత్ర ఒక గదిలో ఇరుక్కుంటారు. తప్పించుకునే దారి లేక నిజాలు మాట్లాడుకుంటారు. అతనికి బీటెక్ ఒంటబట్టలేదు, వంట మీద మనసు. ఆమెకు వ్యాపారం కావాలి, ఆస్ట్రేలియా వెళ్లాలి. ఇద్దరూ కలిసి ఫుడ్ ట్రక్కు నడుపుతారు. లెక్కలు చూసేది, అనుమతులకు తిరిగేది, గట్టిగా నిలబడేది చిత్రే. నటుల మాటలను సెట్‌లోనే రికార్డు చేసిన సింక్ సౌండ్ వల్ల అందరూ పక్కింటివాళ్లలా వినిపిస్తారు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా, ఉత్తమ సంభాషణలకు గానూ రెండు పురస్కారాలు దీనికి దక్కాయి. హిందీ, తమిళాల్లోకీ వెళ్లింది.

ఇందులో హీరో స్నేహితుడిగా ప్రియదర్శి తెలంగాణ యాసతో పొట్ట చెక్కలు చేశాడు. మూడేళ్లు తిరిగేసరికి ‘మల్లేశం’లో అతనే కథానాయకుడు. ఆలేరు దగ్గరి చేనేత ఇంట పుట్టి, తల్లి చేతులు నొప్పి పెట్టకుండా ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం పాత్ర అది. నవ్వించడానికి మాత్రమే పనికొస్తుందనుకున్న యాస ఒక ఉమ్మడి నల్లగొండ మనిషి జీవితాన్ని మోయగలిగింది. దారి అంత త్వరగా మారింది.

■ కోదాడ కుర్రాడు

*విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాటి వెళితే కోదాడ. మాట్లాడే బొమ్మను చేత పట్టుకుని మిమిక్రీ ప్రదర్శనలిచ్చిన వేణుమాధవ్‌ది ఆ ఊరే. 1996లో ‘సంప్రదాయం’తో సినిమాల్లోకి వచ్చి, ‘తొలిప్రేమ’ (1998)లో హీరో మిత్రబృందంలో ఒకడిగా గుర్తింపు తెచ్చుకున్నారు. 2019 సెప్టెంబరు 25న కన్నుమూశారు. ఆయన నవ్వించిన ప్రేమకథలు ఇంకా టీవీల్లో తిరుగుతూనే ఉన్నాయి.*

వెంటపడటం ప్రేమ కాదు

ఈ జాబితాలోకి రాని సినిమాలు కూడా చాలా ఉన్నాయి. వాటి సంగతీ చెప్పుకోవాలి. అమ్మాయి వద్దన్నా వెంటపడటం, బస్టాపులో కాపు కాయడం, నలుగురిలో చేయి పట్టుకుని ఒప్పించడం.. వీటిని హుషారు పాటలతో కలిపి ప్రేమగా చూపించిన సినిమాలు దశాబ్దాలపాటు వచ్చాయి. థియేటర్లో అవి నవ్వులే. రోజూ పొద్దున బస్సెక్కి కాలేజీకి వెళ్లే అమ్మాయికి అవి నవ్వులు కావు. తెలంగాణలో 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్‌ను తర్వాత జిల్లాలకూ విస్తరించాల్సి వచ్చిందంటే బస్టాపుల పరిస్థితి తెలుస్తూనే ఉంది.

మంచి ప్రేమ కామెడీలో అమ్మాయి ‘వద్దు’ అన్న మాటకు బరువుంటుంది. ‘ఆనంద్’లో రూప వద్దంటే కథ అక్కడితో మలుపు తిరుగుతుంది. 2018లో రాహుల్ రవీంద్రన్ తీసిన ‘చి.ల.సౌ.’లో అయితే ఇద్దరి మధ్యా రాత్రంతా జరిగేది సంభాషణే. పెళ్లంటే ఇష్టం లేని అబ్బాయి ఇంటికి, పెద్దవాళ్లు లేని వేళ, అమ్మాయే చూపులకు వస్తుంది. అతను తేలిగ్గా వద్దనేస్తాడు. ఆ ఒక్క ‘వద్దు’ ఆమె ఇంట్లో ఏం చేస్తుందో అతనికి ఆ రాత్రి తెలిసొస్తుంది. తల్లి ఆరోగ్యం, బాధ్యతలు, ఇంతకు ముందు తప్పిపోయిన సంబంధాలు.. రుహానీ శర్మ ఇవన్నీ గొంతు పెంచకుండా చెబుతుంది. ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు ఈ సినిమా జాతీయ అవార్డు తెచ్చుకుంది. సంబంధాలు చూస్తున్న ఇంట్లో కొడుకుతో కలిసి చూడాల్సిన సినిమా ఇది.

2022లో వివేక్ ఆత్రేయ ‘అంటే సుందరానికీ’ మళ్లీ ‘మిస్సమ్మ’ గడప తొక్కింది. బ్రాహ్మణ సుందర్, క్రైస్తవ లీల ప్రేమించుకుంటారు. పెళ్లికి ఒప్పించడానికి ఇద్దరూ తమ తమ ఇళ్లలో చెరో పెద్ద అబద్ధం చెబుతారు. 1955లో మేరీ చివరికి జమీందారు ఇంటి తప్పిపోయిన పిల్లేనని తేలడంతో మతం చిక్కు విడిపోయింది. 67 ఏళ్ల తర్వాత వచ్చిన లీలకు ఆ వెసులుబాటు లేదు. ఆమె క్రైస్తవురాలిగానే నిలబడుతుంది. మారాల్సింది పెద్దల మనసులే. నిడివి కొంచెం ఎక్కువే అయినా ఆ తేడా కోసం ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

■ ఎవరితో ఏది?

*అమ్మమ్మ, తాతయ్యలతో: ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’*

*ఇంటిల్లిపాదీ, పిల్లలతో సహా: ‘అహ నా పెళ్లంట’, ‘శ్రీవారికి ప్రేమలేఖ’*

*కొత్తగా పెళ్లయినవాళ్లు: ‘పెళ్లి పుస్తకం’*

*సంబంధాలు చూస్తున్న ఇంట్లో: ‘పెళ్ళి చూపులు’, ‘చి.ల.సౌ.’*

*అమ్మాయిలంతా ఒకచోట చేరితే: ‘ఆనంద్’, ‘ఫిదా’, ‘అలా మొదలైంది’*

*పరీక్షలు అయిపోయిన రోజు: ‘అష్టా చమ్మా’, ‘లిటిల్ హార్ట్స్’. ఈ రెండూ సెప్టెంబరు 5నే విడుదలయ్యాయి, 17 ఏళ్ల తేడాతో.*

మెట్ట ఊళ్లలో కథలకు కరువా?

‘లిటిల్ హార్ట్స్’ చిన్న ఊళ్ల పిల్లలకు ఎందుకంత దగ్గరైందో వెతకనక్కర్లేదు. సాయి మార్తాండ్ తీసిన ఆ సినిమాలో హీరో ఎంసెట్‌లో ర్యాంకు రాని కుర్రాడు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరి, అక్కడ తనలాంటి అమ్మాయిని కలుస్తాడు. మౌళి తనూజ్, శివాని నాగరం ఆ ఇద్దరిగా కనిపిస్తారు. ర్యాంకు రాలేదని నాన్న ముందు తల దించుకోవడం, కోచింగ్ ఫీజు వృథా అయిందన్న దెప్పిపొడుపు, పక్కింటి పిల్లాడితో పోలిక.. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, వనపర్తిలోనో ఇంటర్ చదివిన ఎవరికైనా ఇవి కొట్టినపిండి. యూట్యూబ్ వీడియోలతో పేరు తెచ్చుకున్న మౌళిని ఇంటింటికీ చేర్చిన ‘90’స్’ వెబ్ సిరీస్ కథ జరిగేది కూడా ఉమ్మడి పాలమూరులోని వనపర్తిలోనే.

తరుణ్ భాస్కర్ దారీ అలాంటిదే. ‘పెళ్ళి చూపులు’కు ముందు ఆయన ‘అనుకోకుండా’, ‘సైన్మా’ వంటి లఘుచిత్రాలు తీశారు. ‘అనుకోకుండా’లో నటించింది తర్వాత చిత్రగా చేసిన రీతూవర్మే. ప్రశాంత్‌గా చేసిన విజయ్ దేవరకొండ కుటుంబానిది నల్లమల అంచున ఉన్న అచ్చంపేట ప్రాంతం. నిర్మాతల ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సిన అవసరం ఇప్పుడు మునుపటంత లేదు. ఫోన్‌తో తీసి, లాప్‌టాప్‌లో ఎడిట్ చేసి నలుగురికీ చూపించొచ్చు.

కథలకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. నార్కట్‌పల్లినే తీసుకుంటే, హైదరాబాద్ విజయవాడ హైవే నుంచి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా అద్దంకి వెళ్లే రోడ్డు చీలేది ఇక్కడే. మెడికల్ కాలేజీ ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి డాక్టర్లవుతున్నారు. ఆర్టీసీ డిపో ఉంది. కండక్టరమ్మ టికెట్ల మిషను పట్టుకుని నిండు బస్సులో దారి చేసుకుంటూ వెళుతుంటే ఒక్కో సీటు దగ్గర ఒక్కో కథ వినొచ్చు. చెరువుగట్టు మీద జడల రామలింగేశ్వరుడున్నాడు. మాఘమాసపు జాతరకు, అమావాస్య రాత్రులకు ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి. సంబంధాల మాటలు ఆ జాతరలోనే సగం తెమిలిపోతాయి.

వీటన్నిటికీ మించి, పెళ్లికీ నీళ్లకూ ముడిపడిన చరిత్ర ఈ నేలది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడిన కాలం ఒకటుంది. అబ్బాయి మంచివాడే, పొలమూ ఉంది, ఊరి నీళ్లే బాగోలేవని సంబంధం తప్పిపోయేది. ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి. మిషన్ భగీరథ పైలాన్ నిలబెట్టింది కూడా ఇదే హైవే మీద, చౌటుప్పల్‌లో. పాలమూరులోనైతే పెళ్లైన నెలకే మొగుడు ముంబయి బస్సెక్కిన ఇళ్లు ఎన్నో. కన్నీళ్ల కథలుగా ఇవి పాటల్లో, నవలల్లో వచ్చాయి. చక్రపాణి కట్నాన్ని నవ్వుగా మార్చినట్టు, వీటిలోంచి నవ్వు తీసే చెయ్యి ఇంకా రావాలి.

అలాంటి సినిమా ఎవరైనా తీస్తే అందులో చూపులకు వచ్చిన పిలగాణ్ని చాప మీద కూర్చోబెట్టి, ఎంబీబీఎస్ మూడో ఏడు చదివే నల్లగొండ పిల్ల మొదట అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడి అమ్మాయిల దగ్గర సిద్ధంగానే ఉన్నాయి: “మీ ఊర్ల నల్ల ఎన్ని దినాలకొకసారి ఇడుస్తరు? పెండ్లైనంక పీజీ చదువుత, నీకేమన్న కష్టమా? మా అమ్మను మా కాడ ఉంచుకుంటనంటే నీ నోట్లెకెళ్లి ఏం మాటొస్తది?”